అడుగుటయు నొక విద్యయే

ఏటేట మన పాఠశాలలో చదువు ముగించినవారిలో కొందఱు ఇంటర్మీడియేటు దాటి విశాఖపట్టణము, తిరుపతి, హైదరాబాదు మున్నగు నగరములలోని విశ్వవిద్యాలయములలో ప్రవేశించుచున్నారు. వారు బయలుదేరునాడు తలిదండ్రులు పెట్టెలో బట్టలు సర్దుదురు. పచ్చడి సీసాలు కట్టుదురు. ఫీజునకు వలయు సొమ్ము కూర్చుదురు. ఉపాధ్యాయులు యోగ్యతాపత్రము వ్రాసి యాశీర్వదింతురు. ఇంతటితో మన విధి తీఱినదని యందఱమును దలంతుము. కాని యొక్కటి మఱచుచున్నాము. అచట కష్టము వచ్చినప్పుడు ఎవరి నడుగవలెనో, ఎట్లడుగవలెనో మనము వారికి జెప్పి పంపుట లేదు. అడుగుట తప్పు కాదనియైనను జెప్పుట లేదు. చదువు నడుమ విడిచి యిల్లు చేరు పిల్లలలో తెలివి చాలనివారు తక్కువ, తోడు దొరకనివారు ఎక్కువ అని మా యభిప్రాయము.

బీద విద్యార్థి నాదుకొనుట తెలుగుదేశమునకు క్రొత్త కాదు. మన తాతల కాలమున వారములు చేసికొని చదువుట యను నాచార ముండెను. ఊరికి క్రొత్తగా వచ్చిన బాలుడు ఏడిండ్లకు బోయి, ఆదివార మొకరింట, సోమవారము మఱియొకరింట భోజనము కుదుర్చుకొని, రాత్రివేళ ఏ యరుగుమీదనో దీపము పెట్టుకొని చదివెడివాడు. అడిగినవాని కది యవమానము కాదు; పెట్టిన యిల్లాలికి భారమును గాదు. తన యింట వారము తిన్న పిల్లవాడు ప్లీడరైనాడనియో, పండితుడైనాడనియో ఆమె ముసలితనమున జెప్పుకొని సంతోషించెడిది. అయితే ఈ యాచారమునకు గోడలును గలవు. అది చాలవఱకు కులపు గీత దాటలేదు. ఏ గడపయు ద్రొక్కనీయని పిల్లలకు వారపు భోజన మెక్కడిది?

ఆ లోటు దీర్చుటకే వసతిగృహములును విద్యార్థివేతనములును బుట్టినవి. 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి హాస్టలు వంటి సంస్థలు పల్లెలనుండి వచ్చిన పిల్లలకు నీడ నిచ్చినవి. బరోడా మహారాజుగారి విద్యార్థివేతనముతో 1913లో అమెరికాకు బోయి చదివిన అంబేద్కరుగారు వైస్రాయి కార్యనిర్వాహకసభలో సభ్యులై యుండిన దినములలో, 1944లో, షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను పిదపటి చదువులకై ప్రభుత్వ వేతనము ప్రారంభమయ్యెను. ఒకరి దయవలన దొరకెడి తోడ్పాటు నాటినుండి క్రమముగా హక్కుగా మాఱినది. 2008 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఫీజు రీయింబర్సుమెంటు అనెడి మాట కూలివాని నోటను వినబడెను.

నేడు విశ్వవిద్యాలయములో విద్యార్థికి గల యండలు అనేకములు. క్రొత్తవారిని పాతవారు హింసించుటను నిషేధించుచు 1997లోనే ఆంధ్రప్రదేశ శాసన మేర్పడినది. 2009లో విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము దేశమంతటికిని నిబంధనలు చేసినది. ర్యాగింగునకు లోనైనవారు 1800-180-5522 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఎప్పుడైనను ఉచితముగా టెలిఫోను చేయవచ్చును. స్త్రీలపై జరుగు లైంగిక వేధింపులను విచారించుటకు 2013 నాటి చట్టము ననుసరించి సంస్థలలో అంతర్గత సంఘ ముండవలెను. ఒక కళాశాలలో జేరి, పిదప మానుకొనిన విద్యార్థి యసలు సర్టిఫికెట్లను పట్టి యుంచరాదని 2018లో ఆ గ్రాంట్ల సంఘమే ప్రకటించినది. తక్కిన ఫిర్యాదులు వినుటకు విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార సంఘమును, దానిపై అంబుడ్స్‌పర్సన్‌ అను పెద్దయు నుండవలెనని 2023 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. అంగవైకల్యము గలవారికి ప్రభుత్వ, ఎయిడెడు ఉన్నత విద్యాసంస్థలలో నూటికి 5 స్థానములకు దక్కువ గాకుండ కేటాయింపవలెనని 2016 నాటి చట్టము విధించుచున్నది.

ఇక మనసు క్రుంగినవారి మాట. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వము టెలీ మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను టెలిఫోను చేసి, తెలుగులోనే శిక్షణ పొందినవారితో మాటలాడవచ్చును. సొమ్ము చెల్లింప బనిలేదు. 2025 జూలైలో సుప్రీముకోర్టు, విశాఖపట్టణమున ప్రవేశపరీక్షకు జదువుచుండిన యొక బాలిక మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున, నూరుగురు గాని అంతకెక్కువ గాని విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థయు తగిన శిక్షణ గల కౌన్సెలరు నొక్కరినైనను నియమింపవలెనని యాదేశించినది. ఈ యాజ్ఞ విశ్వవిద్యాలయములకే గాక మనవంటి పాఠశాలలకును వర్తించునని చదువరులు గమనింతురు గాక.

విశ్వవిద్యాలయపు గోడ వెలుపలను నండలు గలవు. 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయము పుట్టిననాటినుండి తెలుగువారికి గ్రంథాలయము ప్రజల సొత్తు. నేటికిని హైదరాబాదు చిక్కడపల్లి గ్రంథాలయమునందును, జిల్లా గ్రంథాలయములందును, అద్దెగదిలో చదువ వీలులేని యువకులు ఉదయము మొదలు రాత్రి వఱకు గూర్చుండి చదువుచున్నారు. పట్టణములలో 5 రూపాయలకు భోజనము పెట్టు ప్రభుత్వ భోజనశాలలు వారిలో ననేకుల యాకలి తీర్చుచున్నవి. వారములు పెట్టిన యిల్లాండ్ర స్థానమున నేడు ఊరంతయు గలసి కట్టిన పన్ను నిలిచినదని చెప్పవచ్చును. ఇందు కులపు గీత లేదు.

ఇన్ని యుండియు విద్యార్థి యేల యొంటరి యగుచున్నాడు? మాకు మూడు కారణములు తోచుచున్నవి.

మొదటిది తెలియమి. ఈ సంఘముల పేళ్లు ప్రవేశపుస్తకము చివరి పుటలలో సన్నని యక్షరములతో నుండును. తెలుగు మాధ్యమమున జదివి వచ్చిన బాలుడు మొదటి ఆఱు నెలలు ఇంగ్లీషు పాఠములు గ్రహించుటకే తడబడుచుండగా, ఆ పుటల నెప్పుడు చదువును? రెండవది సిగ్గు. పాఠము తెలియలేదని చెప్పిన మొద్దందురని వెఱపు. మెస్సు బిల్లు కట్టలేకున్నా నన్న చులకన యగుదునని వెఱపు. నిద్ర పట్టుట లేదని కౌన్సెలరు గదికి బోయిన పిచ్చివాడని ముద్ర వేయుదురని వెఱపు. మూడవది కార్యాలయముల తీరు. వేతనపు కాగితము గొనిపోయిన బాలుని నేడు రమ్మని, ఱేపు రమ్మని, వేఱొక గది చూపి త్రిప్పిన, వాడు మూడవనాడు మానుకొనును. ఇక ఫీజు రీయింబర్సుమెంటు సొమ్ము ప్రభుత్వమునుండి కళాశాలలకు సకాలమున జేరక బకాయి పడినప్పుడు, ఆ యాలస్యపు బరువు తుదకు విద్యార్థిపైననే పడుచున్నది. హక్కు కాగితముమీద నున్నంతమాత్రమున కడుపు నిండదు.

అడుగనిదే అమ్మయైనను బెట్టదని మన సామెత. ఈ సామెతను నిత్యము వల్లించుచునే, అడుగని బిడ్డను బుద్ధిమంతుడని మెచ్చుకొనుచున్నాము. తరగతిలో ప్రశ్నింపనివాడు మంచి బాలుడు. ఇంట తన బాధ చెప్పనిది మంచి పిల్ల. పదునెనిమిది సంవత్సరములు నోరు మూయుట నేర్పి, పిదప నగరమునకు బంపి, నోరు విప్పలేదేమని నిందించుట న్యాయమా?

కొందఱు పెద్దలు, ఇన్ని యండలు గల్పించిన పిల్లలు మెత్తబడుదురనియు, కష్టములే మనుష్యుని దిద్దుననియు వాదింతురు. కష్టము దిద్దునను మాట కొంత నిజమే. కాని వీధిదీపము క్రింద జదివి గొప్పవారైన వారి కథలను జెప్పుకొను మనము, చదువలేక వెనుకకు మరలినవారిని లెక్కించుట లేదు. గెలిచినవారికిని ఎవరో యొకరు చేయి యిచ్చియే యుందురు: ఒక యుపాధ్యాయుడు, ఒక వారపు టిల్లాలు, ఒక మహారాజు. తోడ్పాటు విద్యార్థి బదులు పరీక్ష వ్రాయదు. అతడు పరీక్షగదికి జేరువఱకు కాలు జాఱకుండ జూచును, అంతియే.

అడుగుట నేర్పుట యెంత యవసరమో, అడుగలేనివారిని దామే పలుకరించుట విశ్వవిద్యాలయముల కంత యవసరము. మిక్కిలి క్రుంగినవాడు కార్యాలయపు తలుపు తట్టలేడు. టెలిఫోనును జేత బట్టలేడు. పది దినములు తరగతికి రాని విద్యార్థి పేరు హాజరు పుస్తకములో గనబడుచునే యుండును. ఆ పేరు చూచి హాజరు చాలదని జుల్మానా వేయుటకు ముందు, అధ్యాపకు డొకడు హాస్టలునకు బోయి, ఏమి నాయనా, ఏల రాలేదని యడిగినయెడల, అంతకు మించిన సేవ లేదు. ప్రతి విశ్వవిద్యాలయమును ఈ పలుకరింపును ఒకరి యిష్టమునకు విడువక, ఒకరి విధిగా నిర్ణయింపవలెనని మేము కోరుచున్నాము.

తలిదండ్రులకు మా విన్నప మొక్కటి. టెలిఫోనులో బిడ్డను మొదట మార్కులు అడుగవలదు. అన్నము తింటివా, నిద్ర పట్టుచున్నదా, స్నేహితులు కుదిరిరా యని యడుగుడు. పిల్లలను అమెరికాకు బంపినవారు మఱియొకటి తెలిసికొనవలెను. అచట 1974 నాటి చట్టము ననుసరించి, విద్యార్థి యనుమతి లేనిదే సాధారణముగా విశ్వవిద్యాలయము వాని మార్కులను తలిదండ్రులకు దెలుపదు. బిడ్డ తానై చెప్పినదే మనకు దెలియును. చెప్పగల చనువు చిన్ననాడే యింట నేర్పడవలెను. విమానము బయలుదేరిన పిదప నేర్పడదు.

మన పాఠశాలకును గొంత పని గలదు. పైతరగతులవారికి వారమున కొక గంట యీ విద్యకై కేటాయింపవచ్చును. బ్యాంకు ఖాతా తెఱచుట, వేతనమునకు దరఖాస్తు నింపుట, ఫిర్యాదును మర్యాదగను స్పష్టముగను వ్రాసి నకలు దాచుకొనుట, తెలియని పాఠమును తెలియదని చెప్పుట, ఇవన్నియు నేర్పదగినవే. పై చెప్పిన సంఖ్యలను ఒక కాగితముపై అచ్చొత్తించి, పాఠశాల విడుచు ప్రతి విద్యార్థికి సర్టిఫికెటుతో గూడ నీయవచ్చును. ఆయా నగరములలో జదువుచున్న మన పూర్వవిద్యార్థులు క్రొత్తవారిని స్టేషనులో గలసికొని, మొదటి వారమున ఆసుపత్రి, గ్రంథాలయము, వేతనపు గది చూపినచో, సొమ్ముతో బని లేని గొప్ప యుపకార మగును.

విద్యార్థులారా, మీకొక మాట. 1969లో, గాంధీజీ శతజయంతి సంవత్సరమున, జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమైనది. నేడు ఆ పథకము క్రింద పల్లెలకు బోయి పనిచేయు యువకులు లక్షల సంఖ్యలో నున్నారు. అడుగువాడెప్పుడును అడుగువాడుగనే యుండడు. నేడు మీరొకరి యండ గోరినచో, ఱేపు మఱియొకరి కండ యగుదురు. కనుక చేరిన మొదటి పది దినములలో ఏ తలుపు ఎక్కడ నున్నదో చూచి యుంచుకొనుడు. అవసరమైననాడు తట్టుడు. ఒక తలుపు తెఱవనిచో రెండవది తట్టుడు. ప్రక్కగదిలో నొకడు మూడు దినములుగా భోజనమునకు రాకున్నచో, వాడు పిలుచు వఱకు వేచియుండక, మీరే పోయి వాని తలుపు తట్టుడు.