పేనుకు కులం లేదు, గుండుకు ఉంది

బడులు తెరిచి నెల తిరక్కముందే మన పిల్లల మీద ఒక మాట పుడుతుంది. 'హాస్టలు పిల్లలు, తలనిండా పేలు' అని. ముందు టీచరమ్మ నోట పుడుతుంది. తర్వాత పక్క బెంచీ పిల్ల నోట. సాయంత్రానికి ఆ పిల్ల తల్లి నోట. మర్నాటికి మాలపల్లె, మాదిగవాడ పిల్లలు వెనక బెంచీలో తేలతారు. ఎవరూ కులం పేరు ఎత్తరు. ఎత్తాల్సిన పని లేదు. పేను పేరు చాలు.

భూమి సమస్య ఉంది, కూలి సమస్య ఉంది, శ్మశానం సమస్య ఉంది, ఇవన్నీ వదిలి పేల గురించి రాస్తారా అని కొందరు కార్యకర్తలు అడగొచ్చు. అట్లా అడిగేవాళ్లలో ఎక్కువమంది క్రాపు తలల మగవాళ్లే. రాత్రంతా తల గోక్కుని, నిద్ర చాలక, తెల్లారి లెక్కల క్లాసులో కునికిపాట్లు పడే పదేళ్ల పిల్లనడగండి ఇది చిన్న సమస్యో పెద్ద సమస్యో. గోకి గోకి పుండ్లు పడి, చీము పట్టి, మెడ దగ్గర బిళ్లలు కట్టిన పిల్లనడగండి.

అసలు సంగతి ఏమిటంటే పేను మురికి నుంచి పుట్టదు. తల నుంచి తలకు పాకుతుంది, అంతే. దానికి రెక్కల్లేవు. ఎగరదు, దూకదు. రెండు తలలు ఆనుకున్నప్పుడు ఒక వెంట్రుక మీంచి ఇంకో వెంట్రుక మీదికి నడిచిపోతుంది. రోజూ తలంటుకునే తల అయినా దానికి ఒకటే, వారానికోసారి తలంటుకునే తల అయినా ఒకటే. దానికి కావాల్సింది నెత్తురు, వెచ్చదనం. ఆ రెండూ కలెక్టరుగారి అమ్మాయి తలలో కూడా ఉంటాయి.

ఇంటికి రెండు స్నానాల గదులుండే అమెరికా దేశంలో 3 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో ఏడాదికి 60 లక్షల నుంచి కోటి 20 లక్షల మందికి పేలు పడతాయని అక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖ అంచనా. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం పేలున్నాయని ఏ పిల్లనీ బడి మాన్పించవద్దని చెప్తున్నది. మన పంతుళ్లకు అమెరికా నుంచి వచ్చిన ప్రతిదీ గొప్పే గానీ ఈ మాట మాత్రం ఇంకా చేరలేదు.

మరి మన హాస్టళ్లలో ఎందుకు ఎక్కువ? పిల్లలు తక్కువ కులాలవాళ్లనా? కాదు, చోటు తక్కువ కాబట్టి. నలభై మంది పట్టే గదిలో ఎనభై మందిని పడుకోబెడితే తలలు ఆనుకోక ఏం చేస్తాయి? ఒకే చాప, ఒకే దుప్పటి, చలికాలంలో ఒకర్నొకరు పట్టుకుని నిద్ర. ఇంట్లో అయితే మధ్యాహ్నం పూట అరుగు మీద కూచుని తల్లో అవ్వో పేలు చూసేది, కుక్కేది. పొద్దు పొడవకముందే నాట్లకో పత్తి తీయడానికో పోయే తల్లికి ఆ మధ్యాహ్నం ఎక్కడిది? హాస్టల్లో అవ్వ ఎవరు? చోటు ఇవ్వనివాళ్లు, మనిషిని పెట్టనివాళ్లు పిల్ల తలను తప్పుపడుతున్నారు.

బాబాసాహెబ్ అంబేద్కర్ సతారాలో చదువుకునే రోజుల్లో కూచోడానికి ఇంటి నుంచి గోనెపట్టా తీసుకుపోయేవారు. ఊళ్లో మంగళ్లున్నా ఒక్కరూ ఆయన తల ముట్టలేదు. అక్కే పిల్లల జుట్టు కత్తిరించేది. ఇవి ఆయనే రాసుకున్న సంగతులు. ఆనాడు మన తల ముట్టుకుంటే మైల. ఈనాడు మన తల ముట్టుకుంటే పేలు. మాట మారింది, బెంచీ మధ్య దూరం మారలేదు.

ఇక గుండు సంగతి. మేం తిరిగిన హాస్టళ్లలో ఒకచోట ఆడపిల్లలందర్నీ ఆదివారం పొద్దున వరసలో నిలబెట్టి జుట్టు కత్తిరించేశారు. తల్లిదండ్రులకు చెప్పలేదు, పిల్లల్ని అడగలేదు. ఏడో తరగతి పిల్ల ఏడుస్తుంటే 'మీ ఇళ్లల్లో నీళ్లు పోసుకుంటారా?' అని ఎదురు మాట. ఆ తర్వాత నలుగురు పిల్లలు తువ్వాలు చుట్టుకుని ఇంటికి పోయి మళ్లీ రాలేదు. పేలు పోయాయి, చదువూ పోయింది. పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా కొరికిందని ఊరికే అన్నారా?

మొక్కుకు ఇచ్చే గుండు వేరు. పిల్ల ఒప్పుకుని, తల్లి ఒప్పుకుని కత్తిరించుకునే జుట్టు వేరు. బలవంతంగా గొరిగితే అది నేరం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేశారు, 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. మన మనిషి తలను బలవంతంగా గొరిగి అవమానించడం అందులో రాసి ఉన్న నేరం. ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు. వార్డెన్ మనవాడే కావచ్చు, చాలాచోట్ల మనవాళ్లే. వాళ్లకు ఈ చట్టం వర్తించదు. కానీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ఎవరినీ వదలదు. బడిలో పిల్లల్ని ఒంటి మీద కొట్టినా తప్పే, మనసు మీద కొట్టినా తప్పే. మనవాడని మొహమాటపడి ఊరుకుంటే రేపు వాడి పక్కన పరాయివాడు కూడా ధైర్యం చేస్తాడు.

పేలు పోవడానికి గుండు అక్కర్లేదు. దానికి ఒక కిటుకుంది. ఆ కిటుకు మన బడిలో ఇప్పటికే ఉంది.

ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో నులిపురుగుల మాత్ర వేస్తారు కదా. 2015 నుంచి నడుస్తున్నది. ఆ రోజు ఎవరి కడుపులో పురుగులున్నాయని ఒక్కొక్కర్నీ లేపి అడగరు. రెడ్డిగారబ్బాయికీ అదే మాత్ర, మాదిగ పిల్లకీ అదే మాత్ర. అందరికీ ఒకే రోజు వేస్తేనే ఊళ్లో పురుగు తగ్గుతుందని సర్కారుకు తెలుసు. పేలకూ అదే లెక్క. మొదటిసారి పేలు పడిన పిల్లకు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కూడా పడుతుంది. అంటే ఒక పిల్ల గోక్కోవడం టీచరు కంటపడే నాటికి ఆ పేలు పక్కవాళ్లకు ఎప్పుడో పాకి ఉంటాయి. ఒక్క పిల్లను పట్టుకుని వెనక కూచోబెడితే ఏం లాభం?

కాబట్టి హాస్టలు మొత్తం ఒకే రోజు. గదులవారీగా కాదు, కులాలవారీగా అసలే కాదు. వంటమనిషి, ఆయా, వార్డెన్ పిల్లలు కూడా. పని పెద్దదేం కాదు. తలకు కొబ్బరినూనె బాగా పట్టించి, పళ్లు దగ్గర దగ్గరగా ఉండే పేల దువ్వెనతో (ఈరుపెన అనే ఊళ్లూ ఉన్నాయి) కుదురు నుంచి కొస దాకా, పాయ తర్వాత పాయ దువ్వాలి. ప్రతి దువ్వుకూ దువ్వెనను తెల్లగుడ్డకు తుడవాలి. ఒక్కరోజు దువ్వి మానేస్తే దండగ. ఈపులు వారం పది రోజుల్లో పగులుతాయి, బయటికొచ్చిన పిల్ల పేలు ఇంకో పదిరోజుల్లో పెద్దవై మళ్లీ ఈపులు పెడతాయి. అందుకని మొదటి రోజు, అయిదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు దువ్వాలి. పదిహేడో రోజు చూస్తే ఏమీ ఉండకూడదు. మందు కావాలంటే ఒక శాతం పెర్మెత్రిన్ మందుల షాపులో దొరుకుతుంది. తలకు పట్టించి పది నిమిషాలుంచి కడగాలి, తొమ్మిదో రోజున మళ్లీ వాడాలి. ఈపులన్నిటినీ అది చంపదు గనకనే రెండోసారి. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికితే చాలు. తల వదిలిన పేను రెండ్రోజులకు మించి బతకదు, గదుల్లో మందు కొట్టించి బిల్లు పెట్టాల్సిన పని లేదు.

ఇంకో మాట పంతుళ్లకు. వెంట్రుక మొదలు వదిలి వేలెడు దూరంలో తెల్లగా అంటుకున్నవి చాలామట్టుకు వట్టి పెంకులు. వెంట్రుక పెరుగుతూ వాటిని మోసుకొచ్చింది. వాటిని చూసి పిల్లను ఇంటికి పంపొద్దు.

మన వాడల్లో కూడా ఒక ప్రమాదం నడుస్తున్నది, దాన్ని దాచి లాభం లేదు. విసిగిపోయిన తల్లి చేతికి ఏది దొరికితే అది రాస్తున్నది. పత్తికి కొట్టే మందు, గొడ్ల గోమార్ల మందు, కిరసనాయిలు. పురుగుమందు నెత్తి చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది, పుండ్లుంటే ఇంకా తొందరగా దిగుతుంది. పిల్ల ప్రాణానికే ముప్పు. కిరసనాయిలు తలతో పొయ్యి దగ్గర కూచుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సీతాఫలం గింజల పొడి నాటుమందు కదా, ఏం కాదులే అనుకుంటారు. అది కంట్లో పడితే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. వద్దక్కా, దువ్వెన చాలు.

దువ్వెనకు డబ్బులెక్కడివి? హాస్టలు పిల్లల సబ్బు, నూనెల కోసం సర్కారు కాస్మెటిక్ ఛార్జీలని ఇస్తుంది. తెలంగాణలో మూడు నుంచి ఏడో తరగతి ఆడపిల్లకు అది నెలకు 55 రూపాయలుండేది. 2024లో 175 చేశారు. ఎనిమిది నుంచి పదో తరగతికి 75 ఉన్నదాన్ని 275 చేశారు. పెంచింది నిజమే, మంచిదే. నెలనెలా పిల్ల చేతికి అందుతున్నదా అన్నది వేరే ప్రశ్న. ఈసారి హాస్టలుకు పోయినప్పుడు ఆ ప్రశ్న అడగండి. ఎన్ని నెలల బాకీ ఉందో రాసుకోండి. పేల దువ్వెనలు ఎన్ని ఉన్నాయో, ఎన్ని కుళాయిల్లో నీళ్లొస్తున్నాయో, గదిలో ఎందరు పడుకుంటున్నారో లెక్క రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని సాంఘిక సంక్షేమాధికారి దగ్గరికి తల్లులే పోవాలి. సంఘం నాయకులు వెనక నడవాలి. పిల్లల తల సంగతి తల్లి మాట్లాడితే ఆ ఆఫీసరు తప్పించుకోలేడు.

దసరా సెలవులకు పిల్లలు ఇంటికొస్తున్నారు. వచ్చిన రోజే తల చూడండి. ఆ పిల్ల తల ఒక్కటే కాదు, పక్కన పడుకునే చెల్లెలిది, అవ్వది, మీదీ. సెలవులైపోయి బస్సెక్కేటప్పుడు సంచిలో అటుకులతో పాటు ఒక పేల దువ్వెన పెట్టండి.