సిగ్నల్ తీసేస్తే ట్రాఫిక్ తగ్గుతుందా? జంక్షన్ల దగ్గర అసలు లెక్క ఇదీ..!

ఒక జంక్షన్ దగ్గర ఫ్లైఓవర్ తెరిచిన కొత్తలో వాహనదారులకు పండగే. కానీ చాలాసార్లు కొన్నాళ్లకే మళ్లీ బారులు మొదలవుతాయి. కాకపోతే ఈసారి తర్వాతి జంక్షన్ దగ్గర! 2020 సెప్టెంబర్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, రోడ్ నంబర్ 45 ఎలివేటెడ్ కారిడార్ వచ్చాక జూబ్లీహిల్స్ నుంచి మాదాపూర్‌కు దారి సులువైంది. అయినా ఆఫీస్ టైమ్‌లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర రద్దీ తప్పడం లేదు. ఎందుకిలా?

30 బండ్లు పెరిగితే చాలు

రోడ్డు ఎంత వెడల్పున్నా, ప్రయాణ సమయాన్ని తేల్చేది కూడలే. సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్కగట్టే సూత్రాన్ని బ్రిటన్‌కు చెందిన వెబ్‌స్టర్ 1958లో ఇచ్చారు. ఉదాహరణకు 120 సెకన్ల సిగ్నల్‌లో ఒక లేన్‌కు 40 సెకన్లు గ్రీన్ ఉందనుకుందాం. ఆ లేన్‌లో గంటకు సుమారు 600 కార్లు దాటగలవు. వచ్చేవి 300 అయితే ఒక్కో కారు సగటున అర నిమిషం ఆగుతుంది. 540 అయితే నిమిషం. 570కి చేరితే దాదాపు నిమిషంన్నర! అంటే చివర్లో పెరిగిన 30 కార్లే అందరికీ మరో అర నిమిషం వడ్డిస్తాయి. ఇక 600 దాటితే క్యూ తరగదు, వెనక జంక్షన్‌ను కూడా మూసేస్తుంది.

ఎవరి దారి వారిదే

ఇక్కడే రెండో చిక్కు. ఎవరైనా తక్కువ టైమ్ పట్టే దారే చూసుకుంటారు. ఇలా అందరూ మారుతూ పోతే, చివరికి జనం వాడే దారులన్నింటిలో దాదాపు ఒకే టైమ్ పడుతుందని 1952లో వార్‌డ్రాప్ చెప్పారు. అందుకే ఒక జంక్షన్‌లో వెయిటింగ్ తగ్గగానే పక్క రోడ్ల బండ్లన్నీ అటే తిరుగుతాయి. కొత్త రోడ్డు వల్ల అందరి ప్రయాణమూ ఆలస్యమయ్యే పరిస్థితి కూడా ఉండొచ్చని 1968లో జర్మన్ గణిత శాస్త్రవేత్త బ్రాయెస్ నిరూపించారు. ఇప్పుడు మ్యాప్ యాప్‌లు ఈ మార్పును నిమిషాల్లో చేసేస్తున్నాయి. మెయిన్ రోడ్డు జామ్ అయితే కాలనీ గల్లీల్లోకి కార్లు వచ్చిపడుతున్నాయి.

యూటర్న్ తెచ్చిన తంటా

హైదరాబాద్‌లో చాలాచోట్ల సిగ్నళ్లు తీసేసి యూటర్న్‌లు పెట్టారు. నేరుగా వెళ్లేవాళ్లకు ఆగే పని తప్పింది. కానీ రోడ్డు అవతలికి వెళ్లాల్సినవాళ్లు చుట్టు తిరగాలి. యూటర్న్ మరీ దూరమైతే కొందరు రాంగ్ రూట్‌లో దూసుకొస్తున్నారు. ఇదీ ‘దారి ఎంపికే’, కాకపోతే ప్రాణాలతో చెలగాటం. ఆగని వాహనాల మధ్య రోడ్డు దాటాల్సిన పాదచారుల అవస్థ సరేసరి. ‘బండి ఎన్ని సెకన్లు ఆగింది’ అని మాత్రమే కొలిస్తే ఇవేవీ లెక్కలోకి రావు.

మరి ఏం చేయాలి?

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2003లో చోంగ్‌గేచోన్ ఎలివేటెడ్ రోడ్డును కూల్చడం మొదలుపెట్టారు. 2005లో అక్కడే వాగును తిరిగి తెచ్చారు. మధ్యలో 2004లో బస్సు రూట్లను సమూలంగా మార్చి, రోడ్డు మధ్యలో బస్సులకు ప్రత్యేక లేన్లు ఇచ్చారు. అంత పెద్ద రోడ్డు పోయినా నగరం స్తంభించలేదు. ఎందుకంటే అక్కడ ఆలోచించింది ఒక్క కూడలి గురించి కాదు, మొత్తం నగరం గురించి.

కేబీఆర్ పార్క్ చుట్టూ జంక్షన్లకు కూడా ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు ప్రతిపాదించారు. ఒక చోట మిగిలిన నిమిషం ఏ కూడలికి, ఏ గల్లీకి బదిలీ అవుతుందో ముందే లెక్క వేయాలి. ఆ లెక్కలో బస్సు ప్రయాణికుడు, పాదచారి కూడా ఉండాలి. లేదంటే కోట్లు ఖర్చుపెట్టి ట్రాఫిక్ జామ్‌కు అడ్రస్ మార్చినట్టే!