పాంగ్‌లాంగ్ మాట చెల్లించాలి

మియన్మార్ సైనిక పాలకులు ఏటా ఫిబ్రవరి 12న యూనియన్ దినోత్సవం జరుపుకుంటారు. ఆ అర్హత వారికి లేదు. 1947లో అదే రోజున షాన్ కొండల్లోని పాంగ్‌లాంగ్‌లో బర్మా స్వాతంత్ర్య నేత ఆంగ్ సాన్‌తో కలిసి షాన్, కచిన్, చిన్ నాయకులు తొమ్మిది అంశాల ఒప్పందంపై సంతకాలు చేశారు. కొండ ప్రాంతాలు తమ అంతర్గత వ్యవహారాలు తామే చూసుకుంటాయన్నది అందులో ఆయువుపట్టు. ఆ మాట నమ్మే వారు స్వతంత్ర బర్మాలో చేరారు.

అయిదు నెలలకే ఆంగ్ సాన్ హత్యకు గురయ్యారు. ఒప్పందానికి దూరంగా ఉన్న కరెన్‌లు 1949లో ఆయుధాలు పట్టారు. 1961లో బౌద్ధాన్ని రాజ్యమతం చేయడంతో క్రైస్తవులు అధికంగా ఉన్న కచిన్‌లలో నమ్మకం పూర్తిగా చెదిరింది. అదే ఏడాది తాంజీ సదస్సులో రాష్ట్రాల నాయకులు కోరింది సమాఖ్య వ్యవస్థనే. దాన్నే విచ్ఛిన్న కుట్రగా చిత్రించి, 1962 మార్చి 2న జనరల్ నే విన్ గద్దెనెక్కారు. పాంగ్‌లాంగ్‌లో సంతకం చేసిన షాన్ ప్రభువు, దేశ తొలి అధ్యక్షుడు సావ్ ష్వే థైక్ ఆ ఏడాదే చెరసాలలో కన్నుమూశారు. ఐక్యత పేరిట ఐక్యతకు పునాది వేసినవారినే బలిగొన్నారు.

1982 పౌరసత్వ చట్టం ఈ ధోరణికి పరాకాష్ఠ. 1823కు ముందే ఆ నేలపై స్థిరపడిన జాతులకే సంపూర్ణ పౌరసత్వమంది. అక్కడి గుర్తింపు కార్డుల రంగు చూడండి: అసలు పౌరులకు గులాబీ, రెండో తరగతికి నీలం, మూడో తరగతికి ఆకుపచ్చ. కార్డు మీదే జాతి, మతం రాసి ఉంటాయి. రంగూన్ రేవులో, ధాన్యం మిల్లుల్లో చెమటోడ్చిన తెలుగు కూలీల సంతతికీ ఈ గీత తగిలింది. నే విన్ కాలంలో కట్టుబట్టలతో తిరిగొచ్చినవారి గుర్తుగా విశాఖలో నేటికీ బర్మా క్యాంపు అనే పేటే ఉంది. రఖైన్ ముస్లింలైన రోహింగ్యాల్లోనైతే ఏ రంగు కార్డూ దక్కనివారే ఎక్కువ. 2017లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు.

మెజారిటీ భాష, మతమే జాతీయత అన్న సైన్యం వాదన ఏడు దశాబ్దాల అంతర్యుద్ధాన్ని మిగిల్చింది. 2021 సైనిక కుట్ర తర్వాత మెజారిటీ బర్మన్ యువత కూడా కొండజాతుల సేనల వద్దకే శిక్షణకు వెళ్లింది. అయితే ఆ సేనలకూ ఒక నియమం వర్తించాలి. రఖైన్ రాష్ట్రంలో అత్యధిక భాగాన్ని గెలుచుకున్న రఖైన్ జాతి సేన అరకాన్ ఆర్మీపై రోహింగ్యాలు చేస్తున్న ఆరోపణలు తీవ్రమైనవి. స్వయంపాలన కోరేవారు తమ ఏలుబడిలోని చిన్న జాతికి దాన్ని నిరాకరిస్తే ఒప్పుకోరాదు.

ఢిల్లీ ఇకనైనా సైనిక పాలకులనే పట్టుకు వేలాడటం మానాలి. మన దేశం మియన్మార్ మీదుగా చేపట్టిన కాలడాన్ రవాణా మార్గంలోని పలెత్వా పట్టణం 2024 జనవరిలోనే అరకాన్ ఆర్మీ వశమైంది. చిన్, రఖైన్, కచిన్ సంస్థలతో బాహాటంగా చర్చలు జరపాలి. 1982 చట్టం రద్దు, సమాఖ్య రాజ్యాంగం లేని ఏ ఎన్నికనూ గుర్తించకూడదు. మిజోరంలో తలదాచుకున్న చిన్ శరణార్థులను బలవంతంగా వెనక్కి పంపరాదు.