క్రొత్త బండి – దాచిన దెబ్బ

ఎద్దును కొనునపుడు మన రైతు పండ్లను లెక్కించును, సుడులను చూచును, అరక కట్టించి నాలుగు చాళ్లు దున్నించిన పిమ్మట గాని బయానా ఇయ్యడు. ఆ రైతే కారునో ట్రాక్టరునో కొనునపుడు తాళపుచెవులు చేతికందిన తోడనే కొబ్బరికాయ కొట్టి, చూపిన చోట్లనెల్ల సంతకములు చేసి యింటికి మరలుచున్నాడు. క్రొత్తది గదా, చూడవలసిన దేమున్నదని యాతని ధైర్యము. ఈ ధైర్యము తగదని మా యభిప్రాయము.

కార్ఖానా నుండి వెలువడిన బండి తిన్నగా మన వాకిటికి రాదు. లారీల మీదను రైళ్ల మీదను దూరప్రయాణము చేసి, ఎండకును వానకును ఆరుబయట నిలిచి, పలువురి చేతులు మారి వచ్చును. దారిలో కట్టిన గొలుసు రాచుకొనవచ్చును. రాయి తగిలి అద్దము బీటవారవచ్చును. దింపునపుడు తలుపు సొట్టపడవచ్చును. ఇట్టి ప్రమాదము ఎవ్వరికిని సిగ్గుచేటు కాదు. ఆ దెబ్బను చాటుగా సరిచేసి, రంగు పూసి, చెక్కుచెదరని సరుకని పూర్తి వెలకు అమ్ముటయే తప్పు.

ఈ విషయమున అమెరికా దేశపు వ్యాజ్యమొకటి తెలిసికొనదగినది. 1990లో అలబామా రాష్ట్రమున గోర్ అను వైద్యుడు సుమారు 40,750 డాలర్లకు బి.ఎం.డబ్ల్యు. కారు కొనెను. తొమ్మిది నెలలకు గాని దానికి తిరిగి రంగు వేయబడినదని యాయనకు తెలియలేదు. జర్మనీ నుండి వచ్చుచుండగా ఆమ్లవర్షము వలన రంగు చెడినదని భావింపబడెను. మరమ్మతు ఖర్చు వెలలో నూటికి మూడు పాళ్లకు మించనిచో కొనువారికి చెప్పక క్రొత్తదానిగనే అమ్ముట ఆ కంపెనీ నియమము. మరమ్మతుకైన ఖర్చు 601 డాలర్లే. కాని కారు విలువలో కలిగిన నష్టము 4,000 డాలర్లని జ్యూరీవారు నిర్ణయించిరి. దానిపై వారు విధించిన 40 లక్షల డాలర్ల దండనను అలబామా సుప్రీముకోర్టు 20 లక్షలకు తగ్గింపగా, అదియు మితిమీరినదని 1996లో ఆ దేశపు సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. తుదకది 50,000 డాలర్లకు తగ్గెను. ఎంత స్వల్పమైన మరమ్మతునైనను ఇకపై తెలుపుదుమని కంపెనీయు తన నియమమును మార్చుకొనెను.

చిన్న గీతను గూర్చి చెప్పినను కొనువారు బేరమునకు దిగుదురని విక్రేతలు వాదింతురు. దిగనిండు! 601 డాలర్ల మరమ్మతు వెనుక 4,000 డాలర్ల నష్టము దాగియుండగా, అది చిన్నదా పెద్దదా యని తేల్చుకొను హక్కు సొమ్ము చెల్లించువానిదే గాని అమ్మువానిది కాదు.

మన దేశమున చట్టము రైతునకు అండగానే యున్నది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టము ప్రకారము, ముందుగా చూడని సరుకును పరీక్షించుకొనుటకు తగిన అవకాశము చిక్కువరకు కొనువాడు దానిని అంగీకరించినట్లు కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, తాను నివసించు జిల్లాలోనే రెండేండ్లలోపల ఫిర్యాదు చేసికొనవచ్చును. కాని సాక్ష్యము లేని ఫిర్యాదు నిలువదు. సరుకు సరిగా ముట్టినదని సంతకము చేసి నెల గడచిన పిమ్మట సొట్ట చూపినచో, అది మీ యూరి గతుకులలో పడినదేమో యని విక్రేత యనును. అప్పుడేమి బదులు చెప్పగలము?

కావున బండిని పట్టపగలు, పొడిగానున్నపుడు చూడవలెను. తడి మీద గీతలు కానరావు. ప్రక్కనుండి ఏటవాలుగా చూచినచో సొట్టలును రంగు తేడాయు బయటపడును. తలుపుల సందులు సమముగా నున్నవో లేవో, రబ్బరు అంచులకు రంగు అంటినదో లేదో, మరల బిగించిన బోల్టులు గలవో పరికింపవలెను. చాసిస్ నంబరును బిల్లుతో సరిచూడవలెను. లోపము కన్పడినచో ఫోటో తీసి, ఆ సంగతిని రసీదు మీదనే వ్రాసి, పిదప సంతకము చేయవలెను. ఇదంతయు రిజిస్ట్రేషనుకు పూర్వమే జరుగవలెను. ముహూర్తము మించిపోవునని తొందరపడరాదు. ముందునాడే పోయి చూచి వచ్చినచో ముహూర్తమునకు లోటు రాదు.

ఒంటరి రైతు అడిగినచో విసుగుకొను విక్రేత, పదిమంది సభ్యులు గల సంఘము అడిగినచో ఆలకించును. బండి కొను సభ్యునివెంట పనితెలిసిన యొకరిని సంఘము పంపవలెనని మా సూచన. దారిలో దెబ్బతినలేదనియో, తిన్నచో ఇట్లు బాగుచేసితిమనియో విక్రేత సంతకముతో కాగితము పుచ్చుకొనుట అన్ని సంఘములును ఆచారముగా చేసికొనవలెను. న్యాయముగా అమ్మువానికి ఆ కాగితము వ్రాయుట భారము కాదు. వ్రాయ నిరాకరించువాని యొద్ద కొనకుండుటయే మేలు.