చెట్టు బెరడుపై చిన్నలోకము

అడవి యనగానే ఆకసమునంటు చెట్లే స్ఫురించును. ఆ చెట్ల బెరడు నంటిపెట్టుకొని బ్రతుకు పాచిమొక్కలును, లైకెనులును ఎవ్వరి కంటను పడవు. కాని అడవిని కాపాడుట యనగా వీనిని సైతము కాపాడుటయే.

లైకెను ఒంటరి ప్రాణి కాదు. అది శిలీంధ్రమును, శైవలమును కలిసి చేయు కాపురము. శైవలము సూర్యకాంతితో ఆహారము నమర్చును; శిలీంధ్రము దానికి ఇల్లై తేమను నిలుపును. ఈ సత్యమును 1867లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ష్వెండెనర్ వెల్లడింపగా, పలువురు పండితులు నమ్మలేదు. పాఠశాలలలో వాడు లిట్మసు రంగు మొదట లైకెనులనుండియే తీయబడినది. మసాలాలో వేయు రాతిపువ్వును లైకెనే. పేరు రాతిదైనను, కొండయడవులలో చెట్లమీదను అది పెరుగును.

మనుబోలు ప్రాంతమున ఎండ తీవ్రము. వేసవిలో బెరడుమీది పాచి ఎండి చచ్చినట్లు కనబడును. ఈశాన్య ఋతుపవనము వీచి, అక్టోబరు, నవంబరు నెలలలో వానలు పడగానే మరల పచ్చబడును. ఈ జీవులకు నిజమైన వేళ్ళు లేవు. గాలిలోని తేమయు, బెరడుపై జారు వాననీరును వీని కాధారము. కావున పెక్కింటికి నీడయు, నిలుకడయైన బెరడును, అన్నిటికంటె ముఖ్యముగా దీర్ఘకాలమును కావలెను. పలు లైకెనులు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును.

నెల్లూరు తీరమున సరుగుడు, జామాయిలు తోటలు విరివిగా నున్నవి. సరుగుడును నాలుగైదేండ్లకే నరుకుదురు. జామాయిలు తన బెరడును పొరలుపొరలుగా రాల్చివేయును. ఇట్టి తోట దూరమునకు పచ్చగానే యుండును. కాని చిన్నజీవులు స్థిరపడుటకు అందు వ్యవధి లేదు. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోటలో పాల, నేరేడు, అల్లి వంటి చెట్లతో కూడిన సహజారణ్యము కలదు. వయసును, బెరడును, నీడయు వేరువేరైన చెట్లున్నచోటనే వేరువేరు జాతులకు తావు దొరకును.

"సరుగుడు రైతునకు కూడు పెట్టుచున్నది గదా! పాచికొరకు తోటలు మానవలెనా?" అని కొందరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. రైతు తన పొలమున తోట పెంచుకొనుట తప్పు కాదు. కాని సహజారణ్యమును తీసివేసి ఒకేజాతి తోటను వేయుటయు, దానిని అడవి యని లెక్కించుటయు తగదు. ఆంధ్రదేశమున 1992 మొదలు వనసంరక్షణ సమితు లేర్పడినవి. అట్టి సమితులు ముదిచెట్లను, నిలువున ఎండిన మ్రాకులను కొన్నింటిని నరుకక విడిచిపెట్టుట కష్టసాధ్యము కాదు. స్వీడనులో కలపకై అడవిని నరుకునపుడును కొన్ని చెట్లను నిలిపియుంచు పద్ధతి 1990 తరువాత వ్యాపించినది.

లైకెనులు పోయిన నష్టమేమి? వానిలో పురుగులు నివసించును. కొన్ని చిన్నపిట్టలు వాని తునకలతో గూళ్ళు కట్టును. గాలి చెడినచో ముందుగా నశించి హెచ్చరించునవియు అవియే. పారిసు నగరమున ఈ సంగతిని నైలాండర్ 1866లోనే గుర్తించెను.

నాటిన మొక్కల లెక్కతోబాటు నిలిపిన ముదిచెట్ల లెక్కయు ఉండవలెను. నూరు మొక్కలను ఒక్కదినమున నాటవచ్చును. నూరేండ్ల బెరడును నాటుట ఎవ్వరి తరమును కాదు. గొడ్డలి నెత్తుటకు ముందు ఈ భేదము నెఱుగుటయే వివేకము.