మీ కథ మీరే రాయండమ్మా!

మన తారల ఆత్మకథలు కొన్ని చదువుతుంటే మొదటి పేజీలోనే నిద్ర ముంచుకొస్తుంది. ఫలానా గోత్రం, ఫలానా నక్షత్రం, చిన్ననాటి నుంచీ కళాతృష్ణ, ఆపైన కృతజ్ఞతల చిట్టా! ఆ మనిషి ఒక్కనాడైనా డైలాగు మరిచిపోలేదా? సవరం ఊడిపడలేదా? డబ్బు ఎగ్గొట్టిన నిర్మాత ఒక్కడూ తగల్లేదా?

అదేమంటే, "ఆడది అవన్నీ రాసుకుంటే పరువుండొద్దూ?" అంటారు. ఇదెక్కడి న్యాయమండీ? నటుడు తన తాగుడు గురించి రాస్తే నిజాయితీ, నటి తన సంపాదన ఎవరు తిన్నారో రాస్తే బరితెగింపూనా? ఈ మాట అనేవాళ్ళలో ఆడవాళ్ళూ ఉండడం చూస్తే నాకు మరీ ఒళ్ళు మండుతుంది.

భానుమతిగారిని చూడండి. 1939లో 'వరవిక్రయం'తో తెరకెక్కి, 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్టు చేసిన మనిషి. 'అత్తగారి కథలు' రాసి, ఆవకాయ జాడీ చుట్టూ కూడా నవ్వులు పూయించారు. ఆ చేత్తోనే 'నాలో నేను' అని తన కథా రాసుకున్నారు. పరువేమైనా తగ్గిందా? 2001లో పద్మభూషణ్ వచ్చింది!

మన తాడేపల్లిగూడెం రేలంగిగారికి 1970లో పద్మశ్రీ వస్తే మురిసిపోయాం కదా! మగవాడు నవ్విస్తే మురిసేవాళ్ళం, నటి నవ్విస్తూ నాలుగు నిజాలు చెబితే మొహం ముడుచుకోవడం దేనికి?

ఏలూరు పక్కన కొవ్వలిలో 1960లో పుట్టిన సిల్క్ స్మిత, తన కథ తాను పుస్తకంగా రాసుకోకుండానే 1996లో మద్రాసులో కన్నుమూసింది. 2011లో హిందీవాళ్ళు 'డర్టీ పిక్చర్' తీశారు. అందుకు ఆమె బతుకే ప్రేరణ అని దేశమంతా చెప్పుకుంది. ఆమే రాసుకుని ఉంటే తన కథకి ఆ పేరు పెట్టుకునేదా? మనం చెప్పనంత మాత్రాన మన కథ ఆగదు. ఇంకొకరి నోట, వాళ్ళకి తోచినట్టు వస్తుంది.

ఎలా మొదలుపెట్టాలంటారా? పుట్టుక దగ్గర వద్దు. అప్పుడు ఏడిపించి, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొచ్చే సంగతి ఒకటి ఉంటుందిగా, అక్కణ్ణించి ఎత్తుకోండి. ముందు మిమ్మల్ని చూసి మీరు నవ్వుకుంటే, తర్వాత చెప్పే చేదు నిజాన్ని కూడా జనం నమ్ముతారు. చూసింది రాయండి, విన్నది వదిలేయండి. నిజం వేరు, బురద వేరు.

ఇక మనం, చదివేవాళ్ళం. అలాంటి పుస్తకం వస్తే కొని చదువుదాం. "ఇవన్నీ చెప్పుకోవాలా?" అని మాత్రం ముక్కు మీద వేలేసుకోవద్దు. చెప్పుకోకపోతే ఏమవుతుందో కొవ్వలి పిల్ల కథ చూశాం కదా!