మగ్గం పక్కనే పసివాడు

గద్వాల నేత ఇళ్లలో మగ్గానికీ పొయ్యికీ మధ్య దూరం నాలుగడుగులే. పాకే పిల్లాడి చెయ్యి పోగుల మీద పడిందంటే, చిక్కు విప్పేసరికే పూట గడిచిపోతుంది. అందుకే తల్లి వాణ్ణి కనిపెట్టుకుంటూనే రాట్నంపై కండెలు చుడుతుంది. నూలు చీరకు పట్టు అంచు కలిసేది ఆ కండెలతోనే. కూలి మాత్రం చీరకింత అని నేతకే కడతారు. ఆమె చాకిరీకి వేరే లెక్క లేదు.

ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు గద్వాల సంస్థానం తరఫున శ్రీవారికి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. అవి నేసినన్నాళ్లూ నేతన్నలది నియమనిష్ఠల దీక్ష. దేవుడి పంచెకు దీక్ష ఎంత ముఖ్యమో, పసివాడికి వేళకు బువ్వ అంతే ముఖ్యం. ఇల్లూ మగ్గమూ ఆగకుండా చూసే ఇల్లాలి పనికీ కూలి కట్టడమే న్యాయం.